నాలుగో పిస్టన్ కొలత

మా అబ్బాయి కొన్న కొత్త కారుకు ఇంజను లేదు. కరెంటు బండి. షోరూములో వాడు బానెట్ ఎత్తి చూపిస్తే లోపల నల్లటి ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఖాళీగా కనిపించింది, కూరగాయల సంచీ పెట్టుకోవడానికి సరిపోయేంత. "ఇంజనేదిరా?" అని అడిగితే వాడూ, మా కోడలు హేతల్, షోరూము పిల్లా ముగ్గురూ కలిసి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చింది. కొబ్బరికాయ, పూలు, చిన్న గిన్నెలో తడిపిన కుంకుమ. "బా, తమే చాంద్లో కరో" అంటూ పళ్ళెం నా ముందుకు చాపింది. పెద్దదాన్ని కదా, బొట్టు నన్నే పెట్టమని. నా చెయ్యి ముందుకు వెళ్ళినట్టే వెళ్ళి ఆగిపోయింది. మా ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. "హేతల్ పెడుతుందిలే" అని పక్కకు జరిగాను. అక్కడ నన్ను వద్దన్న మనిషి ఒక్కరూ లేరు, వద్దనుకున్నది నేనే. హేతల్ చక్కగా పెట్టింది. అబ్బాయి నా వంక ఒకసారి చూసి, తలుపు తీసి నన్ను కూర్చోమన్నాడు.

బండి కదిలిందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా వెళ్ళింది. మా సూరత్‌లో ఉధ్నా రోడ్డు మీద అంత చప్పుడు లేకుండా ప్రయాణం చెయ్యడం నా బతుకులో అదే మొదటిసారి. మా నాయిన ఈ బండిలో కూర్చుంటే ఏమనేవాడో అనుకున్నాను. చప్పుడంటే ఆయనకు ఎంత పగో, ఇంజను చప్పుడంటే అంత ప్రాణం. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా మంచం కింది ఇనుప పెట్టె లాగి, అడుగున ఉన్న కొయ్య డబ్బా బయటికి తీశాను. నాయినమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఉంది అది. లోపల డయల్ గేజ్. చూడటానికి ఒంటి ముల్లు గడియారంలా ఉంటుంది, కింద సన్నటి పుల్ల ఒకటి. ఆ పుల్లను వేలితో కాస్త నొక్కితే చాలు, ముల్లు గిర్రున తిరుగుతుంది. తిరగాలి. ఇప్పుడు తిరగడం లేదు, నూనె ఎండి పట్టేసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పాత ఇనుము వాసన తప్ప ఇంకేమీ రాలేదు. పసుపు వాసన వస్తుందని ఎందుకు అనుకున్నానో చెప్పాలంటే ఉధ్నాలో మా పాత ఇంటి వరండాలోకి వెళ్ళాలి.

ముందు మగ్గాల షెడ్డు, దాని వెనక వరసగా అద్దె గదులు. సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన మా వాళ్ళే అన్ని గదుల్లోనూ. వరసలో చివరిది మాది, అందుకని మాకు ఒక వరండా అదనంగా దక్కింది. పొద్దున లేస్తే గంజి వాసన, మగ్గాలకు పోసే నూనె వాసన, అమ్మ పెనం మీద సర్వపిండి వాసన. వీటన్నిటి మధ్యలోంచి నాయినమ్మ పసుపు వాసన వేరుగా తెలిసేది. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఆమెకు మెట్‌పల్లి పసుపు కొమ్ములు తేవాలి. సూరత్ బజారు పసుపును ఆమె నమ్మేది కాదు, అందులో రంగు తప్ప ఏమీ లేదనేది. కొమ్ములు తనే దంచి, జల్లించి, చిటికెడు పచ్చకర్పూరం కలిపి ఇత్తడి డబ్బాలో పోసుకునేది. వరండా మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే ఆ డబ్బా పక్కనే ఉండాలి. కొత్త పడుగు ఎక్కించిన రోజున మగ్గానికి పసుపు పెట్టడం ఆమె పని. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. మగ్గానికి కుడి చివరన, ఇనుము మీద, ఒక్క వేలితో. నీళ్ళలో కలిపిన పసుపు పెట్టేది కాదు, నీళ్ళు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని మంచినూనెలో కలిపి పెట్టేది. తాత పోయిన నాటి నుంచి కుంకుమ భరిణె మాత్రం ముట్టలేదు. పసుపు తను పెట్టి, "కోడలా, కుంకుమ" అని పిలిచేది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టి వెళ్ళేది.

ఆ షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే మాట వినపడదు. మా వాళ్ళందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు గొంతు ఎత్తకుండా కబుర్లు చెప్పుకునేవారు, తిట్టుకునేవారు, నవ్వుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం అందరూ అరిచి మాట్లాడేవారు. నేను రైల్వేలో ఉద్యోగానికి చేరినప్పుడు, టిక్కెట్ల కిటికీ దగ్గర నా గొంతు విని పక్క కౌంటరు ఆయన, "మేడమ్, మైకు అవసరం లేదు మీకు" అన్నాడు. అది మా ఇంటి ఆస్తి, నాకు పంచి ఇచ్చారు. నాయిన పేరు రాజేశం. మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. రోజంతా చెవి యంత్రం దగ్గర పెట్టి ఎక్కడ తేడా ఉందో వినడమే ఆయన పని. అలా వినీ వినీ ఎడమ చెవి పోయింది. పెద్దాసుపత్రి డాక్టరు కుడి చెవి కూడా చూసి, మగ్గాల్లోనే ఉంటే ఇదీ పోతుందని చెప్పాడు. నాయిన ఇంటికొచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తను ఇక షెడ్డులోకి పోనని, కారు నడుపుతానని చెప్పాడు. నాయినమ్మ రాట్నం ఆగిపోయింది.

ఆయన తెచ్చింది అప్పటికే ముసలిదైపోయిన అంబాసిడర్. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నాయినమ్మ గుమ్మం దాటి చూడటానికి కూడా రాలేదు. "మగ్గం మనకు అన్నం పెట్టిన తల్లి. గా డబ్బాను నేను ముట్ట" అంది. అన్నట్టే ముట్టలేదు. ఆ ఏడాది దసరాకు ఇంట్లో ఉన్న కత్తిపీటకు, రాట్నానికి, నా సైకిలుకు కూడా పసుపు పెట్టింది గాని, గుమ్మం ముందు నిలబడ్డ కారును లేనట్టే దాటుకుంటూ వెళ్ళింది. అంతటితో ఊరుకోలేదు. నాయినతో ఏదైనా అనాలంటే ఆయన ఎడమ పక్కకు వెళ్ళి, మొహం గోడవైపు తిప్పుకుని అనేది. వినపడదు, పెదవులు కనపడవు. "ఏందవ్వా?" అని ఆయన అడిగితే, "ఏం లేదు" అనేది. తిట్టిన తృప్తి ఆమెకు, తిట్టు ఏమిటో తెలియని బాధ ఆయనకు. ఆ విద్యలో మా నాయినమ్మను మించినవాళ్ళు ఉధ్నాలో లేరు. అమ్మా నేనూ మాత్రం అన్నీ వినేవాళ్ళం. సగం తిట్లు, సగం "ఈ పూట రెండు రొట్టెలే తిన్నడు" లాంటివి.

కారు కొన్నాళ్ళు మర్యాదగానే నడిచింది. తర్వాత వెనక నుంచి నీలం పొగ మొదలై, వీధిలో వాళ్ళు పొగ చూసి మా నాయిన వచ్చాడని తెలుసుకునే స్థితికి వచ్చింది. అరిగిపోయింది, ఇంజను మొత్తం విప్పాలన్నాడు యూసుఫ్ చాచా. చాచా సూరత్ వాడే, ఉధ్నా స్టేషను వెనక చిన్న గ్యారేజీ. నాయిన మగ్గం ఫిట్టరు కాబట్టి ఇద్దరికీ ఇనుము భాషలో స్నేహం కుదిరింది. గ్యారేజీలో చోటు లేక ఇంజను దించి మా వరండాలో పెట్టారు. సిలిండర్లు ఉండే పెద్ద దిమ్మను, అంటే బ్లాకును, ఖటోదరాలో ఒక మిషను షాపుకు పంపి సిలిండర్లు సాపు చేయించి, పైముఖం కూడా సమంగా అరగదీయించారు. అది తిరిగి ఇంటికి చేరేసరికి దీపావళి వచ్చేసింది.

సూరత్‌లో దీపావళి అంటే ఊరు మూతపడటం. మగ్గాలు ఆగిపోతాయి, షాపులు మూస్తారు, మళ్ళీ లాభ్ పాంచమ్ నాడు, అంటే కార్తీక పంచమికి, పూజలు చేసుకుని తెరుస్తారు. ఆ పాంచమ్ కోసమే మా ఇల్లంతా ఊపిరి బిగపట్టుకుని ఉంది. బార్డోలీలో చెరకు వ్యాపారి ఒకాయన, ఆ రోజు నుంచి తన రాకపోకలకు నాయిన కారునే మాట్లాడుకున్నాడు. కారు రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ముందే చెప్పాడు. మరోవైపు మగ్గాల షెడ్డు యజమాని పాత సేఠ్, ఫిట్టరు పని ఆ రోజు దాకానే ఖాళీగా ఉంచుతానని కబురు పెట్టాడు. అంటే లాభ్ పాంచమ్ పొద్దున నాయిన బార్డోలీ రోడ్డు మీద ఉండాలి, లేదంటే మగ్గాల షెడ్డులో ఉండాలి. కుడి చెవి సంగతి ఆ పొద్దున తేలిపోతుంది. నాయినమ్మ ఏ పక్క ఉందో అడిగేవాళ్ళే లేరు. ఆమె మనసు షెడ్డులో ఉందని అందరం అనుకున్నాం.

మగ్గాలు ఆగిన ఆ రోజుల నిశ్శబ్దం ఇంకా నాకు గుర్తుంది. గదులన్నీ ఖాళీ, సగం మంది ఊళ్ళకు వెళ్ళారు. గోడ మీద పావురాలు చేసే చప్పుడు కూడా వినపడేది. వరండాలో చాప మీద నాయినా, చాచా ఎదురెదురుగా కూర్చుని ఇంజను కూరుస్తున్నారు. పిస్టన్లు నాలుగూ ఎక్కించాక, మూత వెయ్యబోయే ముందు, చాచా తన కొయ్య డబ్బా తెరిచి డయల్ గేజ్ తీశాడు. ఆ కొలత ఏమిటో అప్పుడే నాకు విడమరచి చెప్పాడు. పిస్టన్ సిలిండరులో పైకీ కిందికీ ఆడుతుంది. పూర్తిగా పైకి వచ్చి ఆగినప్పుడు దాని నెత్తి బ్లాకు పైముఖానికి ఎంత కిందుగా నిలిచిందో చూడాలి. మరీ కిందుంటే ఇంజనుకు బలం చాలదు, మరీ పైకొస్తే మూతకు కొట్టుకుని పగిలిపోతుంది. పైముఖం ఇప్పుడే అరగదీయించారు కాబట్టి పిస్టన్లు నాలుగూ ఒకే లోతులో ఉన్నాయో లేదో కొలవకుండా మూత వెయ్యకూడదు. బ్లాకుకు అటూ ఇటూ కాళ్ళు ఆనించి ఒక ఇనుప అడ్డబద్ద పెట్టాడు. దాని నడుమ గేజ్ బిగించాడు. పిస్టన్ నెత్తి ఒక పక్కకు నొక్కితే రెండో పక్క లేస్తుంది, అందుకని రెండు పక్కలా చూసి నడుమది తీసుకోవాలి. నాయిన కింద నుంచి మెల్లగా తిప్పుతుంటే పిస్టన్ పైకొచ్చేది, ముల్లు కదిలి, ఒకచోట తటపటాయించి, వెనక్కి మళ్ళేది. ఆ మళ్ళే చోటే కొలత. నాయినకు అది బాగా నచ్చింది. "మన పోగు సగం మందం గూడ దొరుకుతది గీ గడియారంల" అని అమ్మను పిలిచి చూపించాడు.

మొదటిది, రెండోది, మూడోది అక్కచెల్లెళ్ళలా ఒకే చోట ఆగాయి. నాలుగోది ఆగలేదు. మిగతా మూడింటికన్నా లోతుగా చూపించింది. చాచా మళ్ళీ కొలిచాడు. ఈసారి ఇంకొంచెం వేరుగా వచ్చింది. అడ్డబద్ద తీసి, పిస్టన్ నెత్తితో పాటు బ్లాకు పైముఖం కూడా తుడిచి, మళ్ళీ పెట్టాడు. లోతే. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "రాజేశ్‌భాయ్, చౌథా బరాబర్ నహీఁ ఆ రహా" అన్నాడు. నాలుగోది సరిగ్గా రావడం లేదని. నాయిన వినలేదనుకుని ఇంకోసారి అన్నాడు. నాయిన మొదటిసారే విన్నాడు. పిస్టన్‌ను మోసే కడ్డీ ఒంగి ఉండొచ్చు, కాదంటే అరగదీసినప్పుడు పైముఖం ఆ చివర ఎత్తు మిగిలి ఉండొచ్చు. ఏదైనా మళ్ళీ విప్పి ఖటోదరాకు పంపాలి. ఖటోదరా షాపులన్నిటికీ తాళాలు. తెరిచేది లాభ్ పాంచమ్ నాడే.

నాయిన చేతుల మసి గుడ్డతో తుడుచుకుని, ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. మూలన నాయినమ్మ రాట్నం తిరుగుతూనే ఉంది. మగ్గాలు ఆగినా ఆమె కండెలు ఆగవు. కాసేపయ్యాక నాయిన, "పాత సేఠ్‌కు చెప్పి పంపుదాం తీ" అన్నాడు, అమ్మ వైపు చూడకుండా. గుమ్మంలో నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది. ఆ మాట ఆయన అరవకుండా, చిన్నగా అన్నాడు. మా ఇంట్లో ఎవరూ అంత చిన్నగా మాట్లాడరు.

అప్పుడు అమ్మ చాయ్ తెచ్చింది. కింద పెట్టడానికి చోటు లేక, ఒక చేత్తో కప్పులు పట్టుకుని రెండో చెయ్యి బ్లాకు చివర ఆనించి వంగింది. లేచి నిలబడి, వేళ్ళకు అంటిన జిడ్డు కొంగుకు తుడుచుకోబోయి ఆగింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది. మగవాళ్ళిద్దరూ పొద్దుటి నుంచి ఇంజను నూనెలో మునిగి ఉన్నారు, వాళ్ళ ముక్కులకు అన్నీ ఒకే వాసన. అమ్మ ముక్కుకు మాత్రం పచ్చకర్పూరం తెలిసింది. వేళ్ళు రుద్దుకుంటే సన్నటి గరుకు. వెలుతురులో పెట్టి చూస్తే ఇంజను నూనెకు ఉండని పసుపు. అమ్మ నేరుగా మూలకు చూసింది. రాట్నం ఆగింది.

"అత్తా," అంది అమ్మ, "దీనికి పసుపు పెట్టినవా?"

నాయినమ్మ పోగు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకుంది. "పండుగ నాడు, మీరందరు తిని పండుకున్నప్పుడు పెట్టిన" అంది. "నీళ్ళు తగిలితే తుప్పు పడ్తదని నూనెల కలిపి పెట్టిన. జరంతనే." కుడి చివరనే పెట్టింది, మగ్గానికి పెట్టినట్టే. సరిగ్గా నాలుగో సిలిండరు పక్కన, అడ్డబద్ద కాలు ఆనే చోట. నీళ్ళతో పెట్టి ఉంటే ఎండి, పెచ్చులుగా లేచి, మొదటి చూపులోనే దొరికిపోయేది. నూనె పసుపు ఇంజను నూనెలో కలిసిపోయింది. చాచా జిడ్డు గుడ్డతో పైపైన తుడిస్తే పోకుండా ఇంకా పరుచుకుంది. ఆ పసుపు పలుకుల మీద ఎక్కి కూర్చున్న అడ్డబద్ద పైకి లేచి, ఏ పాపం ఎరగని నాలుగో పిస్టన్‌ను లోతుగా ఉందని చూపించింది.

అమ్మ ఆ మాటలన్నీ మళ్ళీ నాయిన కుడి చెవిలో చెప్పాల్సి వచ్చింది. చాచాకు హిందీలో నేను చెప్పాను. చాచా పెట్రోలు సీసా వైపు చెయ్యి చాపాడు, తుడిచేద్దామని. నాయిన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. లేచి, రాట్నం దగ్గరికి వెళ్ళి, నాయినమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ముట్టనంటివి గదవ్వా. ఎందుకు పెట్టినవ్?"

అలవాటు ప్రకారం ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. తర్వాత ఏమనుకుందో, రాట్నం పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, చుట్టూ తిరిగి నాయిన కుడి పక్కకు వచ్చి కూర్చుంది. కారు వచ్చిన నాటి నుంచి ఆమె ఆ పక్కకు రావడం అదే మొదలు.

"గీ బండి నడువకపోతే నువ్వు మల్ల మగ్గాలకాడికి పోతవ్" అంది. "గా చెవు గూడ పోతే, నేను ఎవలతోని మాట్లాడాలె కొడుకా?"

నాయిన ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆమె చెయ్యి తీసుకుని, పసుపు పచ్చటి ఆ చూపుడువేలు మసి చేతుల్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి, భుజం మీది తువ్వాల తీసి, దాని శుభ్రమైన కొసను పెట్రోలులో తడిపి, ఆ మూల తనే తుడిచాడు. చాచా అడ్డబద్ద పెట్టి గేజ్ ఆనించాడు. నాయిన కింద నుంచి తిప్పాడు. ముల్లు పైకి వెళ్ళింది, తటపటాయించింది, మిగతా మూడూ ఎక్కడ మళ్ళాయో సరిగ్గా అక్కడే మళ్ళింది. చాచా ఇంకోసారి కొలిచాడు. మళ్ళీ అక్కడే. ఆయన కళ్ళద్దాలు తీసి నాయినమ్మ వైపు చూసి, "అమ్మా, ఆప్‌నే తో జాన్ నికాల్ దీ హమారీ" అన్నాడు. మా ప్రాణాలు తోడేశావు కదమ్మా అని. ఆమెకు హిందీ రాదు. మెచ్చుకుంటున్నాడనుకుని తల ఊపింది. మేమెవ్వరం సరిచెయ్యలేదు.

ఇంజను మూసేశాక నాయిన ఆమెను పిలిచాడు. "ఇగ పెట్టవ్వా. యాడ పెడ్తవో పెట్టు. కని ముందుగాల నాకు చెప్పు." చాచా ఇంజను నెత్తి మీది రేకు మూత చూపించి, ఇక్కడ పెడితే ఏ కొలతకూ అడ్డం రాదన్నాడు. ఆమె పసుపు పెట్టింది. "కోడలా, కుంకుమ" అంది. అమ్మ భరిణె తెచ్చింది. తెచ్చి, మూత తీసి, తను పెట్టకుండా ఆమె ముందుకు చాపింది. నాయినమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను ముట్టద్దు గదనే."

"ఇనుముకు గవన్ని ఎరుకనా అత్తా?" అంది అమ్మ. "ఆ కొడుకును కన్నది నువ్వు. నీ చేయి కన్న నా చేయి ఎక్కువనా? పెట్టు."

మా అమ్మ అత్తకు ఎదురు చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. నాయినమ్మ నాయిన వైపు చూసింది. ఆయన వద్దనలేదు. చాచా మర్యాదగా పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఉంగరం వేలు భరిణెలో ముంచి తీసినప్పుడు కుంకుమ కొంచెం రేకు మీద రాలింది. ఎన్నో ఏళ్ళుగా ముట్టని కుంకుమ. పెట్టాక ఆ వేలును చాలాసేపు కడుక్కోలేదు, అన్నం తినేటప్పుడు కూడా చూశాను, ఎర్రగానే ఉంది.

లాభ్ పాంచమ్ పొద్దున, కారులో తిరిగి ఎక్కించిన ఇంజనును స్టార్టు చేసి, నాయిన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసుకుని విన్నాడు. మగ్గాల దగ్గర నేర్చుకున్న వినికిడి అది. కళ్ళు తెరిచి నవ్వాడు. నాయినమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి కారులో ముందు సీటు కాదని, నాయిన వెనక, కుడి పక్క కిటికీ దగ్గర కూర్చుంది. ఆ సీటు ఎందుకో మాకు దారిలో తెలిసింది. బార్డోలీ దాకా రెండు పక్కలా చెరకు తోటలు, ఆమె ముందుకు వంగి ఆయన కుడి చెవిలో ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ గోడకు చెప్పినవన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది కాబోలు. వ్యాపారి నాయినతో పాటు ముసలావిడనూ, అమ్మనూ, నన్నూ చూసి కొంచెం ఆశ్చర్యపోయాడు గాని, అందరికీ చెరకు రసం ఇప్పించాడు.

ఆ ఇంజను తర్వాత చాలా ఏళ్ళు పనిచేసింది. ఆ రేకు మూత తీసినప్పుడల్లా నాయిన "అవ్వా, మూత తీస్తున్న" అని లోపలికి కేకవేసేవాడు. ఆమె పసుపు, కుంకుమ రెండూ పట్టుకుని సిద్ధంగా ఉండేది. ఆమె పోయాక కూడా ఒకసారి అలవాటుగా కేకవేసి, వేసిన సంగతి తెలిసి, చేతిలో మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ వెళ్ళి పెట్టింది. తన చేతులు వణకడం మొదలయ్యాక చాచా ఆ గేజ్ నాయినకే ఇచ్చేశాడు. నాయిన కుడి చెవి చివరిదాకా నిలిచింది. మా అబ్బాయి ఉయ్యాలలో ఏడ్చిన ఏడుపు మొదట విన్నది ఆయనే.

ఇప్పుడు ఉధ్నాలో ఆ గదుల వరస లేదు, వరండా లేదు. మా అపార్టుమెంటులో పక్క ఫ్లాటు వాళ్ళ మాట నాకు వినపడదు, నా మాట వాళ్ళకు వినపడుతుందేమో. అబ్బాయి బండికి ఏదైనా తేడా వస్తే ఫోనులోనే తెలుస్తుందట. కంపెనీ వాళ్ళు వచ్చి తీసుకుపోయి తెచ్చి ఇస్తారట. మంచిదే. పొగ లేదు, చప్పుడు లేదు, ఎవరి చెవీ పోదు. ఇలాంటి బండి కోసం నాయిన ఎంత ఆశపడేవాడో నాకు తెలుసు. లోటల్లా ఒకటే, దాని చుట్టూ చాప వేసుకుని కూర్చోవడానికి లేదు. పాత రోజులే మేలని నేననను, ఆ రోజుల్లో చెవులు పోయేవి. కానీ షోరూములో నేను ఎందుకు పక్కకు జరిగానో ఆ రాత్రంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మా ఇంట్లో ఆ సంగతి మా అమ్మ ఎప్పుడో తేల్చేసింది. ఇనుముకు తెలియనిది ప్లాస్టిక్‌కు మాత్రం ఏం తెలుస్తుంది?

పొద్దున్నే పసుపులో చిటికెడు పచ్చకర్పూరం వేసి, నూనెలో కలిపి, చిన్న గిన్నెలో పోసుకున్నాను. భరిణె కొంగు చాటున పెట్టుకుని లిఫ్టులో కిందికి దిగాను. బానెట్ ఎలా తెరవాలో నాకు తెలియదు. అటూ ఇటూ తడుముతుంటే వెనక అబ్బాయి గొంతు వినిపించింది, పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తున్నాడు.

"అమ్మా, పొద్దుపొద్దున ఏం జేస్తున్నవ్ గాడీ కాడ?"

"బొట్టు పెడ్తున్నరా" అన్నాను. "ముందుగాల నీకు చెప్తున్న."

వాడు నా చేతిలో గిన్నె చూశాడు, భరిణె చూశాడు. హేతల్ నిన్ననే పెట్టింది కదా అని అనలేదు. జేబులోంచి తాళం తీసి ఏదో నొక్కి, బానెట్ ఎత్తి పట్టుకుని, "ఈడ పెట్టు" అన్నాడు. కుడి చివర చూసుకుని పసుపు పెట్టాను. తర్వాత భరిణె మూత తీసి, కుంకుమ కూడా నేనే పెట్టాను.